అన్నమయ్య పాట 500 ఏళ్ల నాటిది.. మరి మీరు ఫోన్‌లో వింటున్న బాణీ ఎవరిది?

శనివారం ఇంట్లో పూజ. దీపం, పూలదండ, వెంకన్న పటం. నిమిషం వీడియో తీసి, వెనకాల ఒక అన్నమయ్య కీర్తన జోడించి ఛానల్‌లో పెట్టారు. గంట తిరక్కుండానే మెసేజ్ వచ్చింది.. మీ వీడియోలో కాపీరైట్ ఉన్న కంటెంట్ ఉంది అని. అన్నమయ్య పాటకు కాపీరైట్ ఏంటి? ఆయన పోయి ఐదొందల ఏళ్లు దాటింది కదా? భక్తి వీడియోలు పెట్టే చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ అనుమానం వస్తుంది.

అనుమానం సరైనదే. కానీ జవాబులో సగమే చాలామందికి తెలుసు. మాటలు అన్నమయ్యవి. వాటి మీద ఇప్పుడు ఎవరికీ హక్కు లేదు. అయితే ఆ రాగం, ఆ ఎత్తుగడ, పల్లవి చివర వచ్చే ఆ మలుపు మాత్రం ఆయనవి కావు. అన్నమయ్య తన పాటను ఎలా పాడారో ఈరోజు చెప్పగలిగేవాళ్లు లేరు. కచేరీల్లో, టీవీల్లో, ఫోన్లలో మనం వింటున్నవి దాదాపు అన్నీ గత 75 ఏళ్లలో కొందరు విద్వాంసులు కూర్చుని కట్టిన బాణీలే. వీడియో కింద వాళ్ల పేర్లు వెతికి చూడండి. చాలావరకు కనిపించవు.

రాగిరేకుల మీద ఏముంది?

అన్నమాచార్యులు 1408లో పుట్టారు. ఊరు రాజంపేట దగ్గర తాళ్లపాక. 1503లో ఫాల్గుణ బహుళ ద్వాదశి రోజున కన్నుమూశారు. ఏటా ఆ తిథికే వర్ధంతి జరుగుతుంది. ఆయన 32 వేల సంకీర్తనలు రాశారన్నది తాళ్లపాక వంశం నుంచి వస్తున్న లెక్క. మనకు దొరికినవి 12 నుంచి 14 వేల మధ్య. ఈ మాత్రమైనా మిగిలాయంటే కారణం రాగి. తాటాకు మీద రాసి ఊరుకుంటే ఏమయ్యేదో! కొడుకు పెద తిరుమలాచార్యులు వాటిని రాగిరేకుల మీద చెక్కించారు. తిరుమల ఆలయంలోనే, హుండీకి దగ్గర్లో ఉన్న ఒక చిన్న రాతి గదిలో వాటిని భద్రపరిచారు. దాన్నే సంకీర్తన భాండాగారం అంటారు, తాళ్లపాకవారి అర అని కూడా అంటారు. ఒక్కో రేకు మీద ఆరేసి పాటలు. అలాంటి రేకులు రెండు వేలకు పైనే. తిరుమలలోని ఎస్వీ మ్యూజియంకి వెళ్తే కొన్నింటిని దగ్గర నుంచి చూడొచ్చు.

ఈ రేకులు 1922లో బయటపడ్డాయని చదువుతుంటాం. టీటీడీలో శాసనాల పని చూసిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వాటిని వెలుగులోకి తెచ్చారు. అంతవరకు నిజమే. కానీ అప్పటిదాకా వాటి సంగతి ఎవరికీ తెలియదనుకోవడం పొరపాటు. అంతకు వందేళ్ల ముందే, 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన ఏ.డి. క్యాంప్‌బెల్ అనే ఇంగ్లిష్ అధికారి తన పుస్తకం ముందుమాటలో వీటి ప్రస్తావన చేశాడు. కొండ మీద వేల రాగిరేకులు ఉన్నాయని విని, చూసి రమ్మని ఓ మనిషిని పంపాడు. ఆయనకు కావాల్సింది వ్యాకరణం. ఒక వ్యాకరణ గ్రంథం దొరికితే దానికి నకలు తీయించుకున్నాడు. మిగతావన్నీ దేవుడి మీద పాటలే కదా అని వదిలేశాడు. ఆ వదిలేసిన పాటలనే ఇవాళ మనం వింటున్నాం.

ఇంతకీ రేకు మీద పాట ఎలా ఉంటుంది? పైన రాగం పేరు. కింద పల్లవి, చరణాలు. అంతే. ఈ కీర్తనలకు సరిగమలు రాసి లేవు. తాళం కూడా సాధారణంగా చెప్పలేదు. ఆ రోజుల్లో పాట నేర్చుకోవడం అంటే గురువు ముందు కూర్చుని, విని, తిరిగి పాడటమే. కాబట్టి స్వరం రాసుకోవాల్సిన అవసరం వాళ్లకు కనిపించి ఉండదు. పాడేవాళ్లు ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. పాడేవాళ్ల వరస తెగిపోయినప్పుడే అసలు చిక్కు వచ్చింది.

రాగం పేరు ఉంది కదా, ఇంకేం కావాలి?

సంగీతం తెలియని వాళ్లకే కాదు, కొద్దిగా తెలిసినవాళ్లకూ ఈ ప్రశ్న వస్తుంది. ఒక్కసారి ఆలోచించండి. మోహన రాగంలో తెలుగు సినిమా పాటలే ఎన్ని ఉన్నాయి? అన్నిటికీ రాగం ఒకటే, పాటలు మాత్రం వేటికవే. రాగం అంటే ఏ స్వరాలు వాడాలి, ఎలా పలకాలి అని చెప్పే ఒక దారి. ఆ దారిలో పాట ఎలా నడుస్తుందో చెప్పేది బాణీ. రేకు మీద ఉన్నది దారి పేరు మాత్రమే.

పోనీ ఆ దారైనా అప్పటిదేనా అంటే, అదీ కాదు. ముఖారినే తీసుకోండి. అన్నమయ్య రేకుల్లో తరచూ కనిపించే రాగం పేరు ఇది. ఇప్పుడు కచేరీల్లో ముఖారి అంటే ఖరహరప్రియ నుంచి పుట్టిన రాగం, ఆర్తితో పాడతారు. 'బ్రహ్మ కడిగిన పాదము' మనం ఎక్కువగా వినేది ఈ ముఖారిలోనే. కానీ విజయనగర కాలంలో రామామాత్యుడు 1550లో రాసిన 'స్వరమేళకళానిధి' తిరగేస్తే, అందులో ముఖారి పూర్తిగా వేరు. అన్నీ శుద్ధ స్వరాలే ఉన్న మేళం అది. ఇప్పటి లెక్కల్లో కనకాంగికి సరిపోతుంది. అదే పేరు, స్వరాలు వేరే. రేకు మీద ముఖారి అని ఉంది కదా అని ఇవాళ్టి ముఖారిలో పాడితే అది అన్నమయ్య పాడిన ముఖారి అయ్యే అవకాశం తక్కువ.

ఇంకో సంగతి. 'వందేహం జగద్వల్లభం' హంసధ్వనిలో చాలామంది పాడతారు. వింటే ప్రాణం లేచొస్తుంది. అయితే హంసధ్వని రాగాన్ని సృష్టించింది ముత్తుస్వామి దీక్షితార్ తండ్రి రామస్వామి దీక్షితార్. ఆయన 1735లో పుట్టారు. అంటే అన్నమయ్య పోయిన 200 ఏళ్ల తర్వాత పుట్టిన రాగంలో మనం ఆయన పాట వింటున్నాం. ఇందులో తప్పేమీ లేదు. బాణీ మాత్రం కొత్తది, అంతే.

మరోవైపు రేకుల మీద ఉన్న రాగాల్లో కొన్ని ఇప్పుడు ఎవరి నోటా వినిపించవు. కొండమలహరి, అమరసింధు, తెలుగుకాంబోది. పేర్లు చూస్తేనే పాడించుకుని వినాలనిపిస్తుంది. కానీ ఎలా పాడాలో చెప్పేవాళ్లు లేరు.

త్యాగయ్యకు లేని చిక్కు

త్యాగరాజు పాటల విషయంలో పరిస్థితి వేరు. ఆయన 1847లో పోయారు. వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం శిష్యులు ఆయన దగ్గర నేర్చుకున్నది తమ శిష్యులకు నేర్పారు. ఒక్కో శాఖ పాఠంలో తేడాలు ఉన్నాయి, వాటి మీద వాదనలూ ఉన్నాయి. అయినా గొలుసు తెగలేదు. క్షేత్రయ్య పదాలు కూడా అంతే. ఆలయ నర్తకీమణుల కుటుంబాలు తరతరాలుగా పాడుతూ, ఆడుతూ వాటిని మన దాకా తెచ్చాయి.

అన్నమయ్య పాటలకు ఆ అదృష్టం పెద్దగా దక్కలేదు. కొన్ని మిగిలాయి. ఉదాహరణకు తమిళనాడు భజన సంప్రదాయంలో మొదట పాడే తోడయ మంగళంలో ఆయన కీర్తనలు ఉన్నాయి. ఆ భజనల్లో కూర్చున్నవాళ్లలో ఎంతమందికి అవి తాళ్లపాకవారివని తెలుసో చెప్పలేం. మన ఇళ్లలోనూ జోలపాటగా 'జో అచ్యుతానంద' నిలబడింది. చంద్రుడిని చూపించి పిల్లలకు అన్నం పెట్టే పాట 'చందమామ రావో' అన్న రూపంలో రేకుల్లో ఉంది. ఇలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టాలి. మిగతా వేల పాటలు నాలుగు శతాబ్దాలకు పైగా రాగి మీద మౌనంగా ఉండిపోయాయి.

మరి ఎవరు పాడించారు?

ముందుగా చెప్పాల్సిన పేరు వేటూరి ప్రభాకరశాస్త్రి. రేకుల మీద పాత లిపి. మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. ఎక్కడ విరవాలో తెలియకపోతే అర్థమే మారిపోతుంది. అలాంటి వాటిని చదివి, విడదీసి, పుస్తకంగా అచ్చువేసే పనిలో తిరుపతిలో ఆయన చివరి ఏళ్లు గడిచాయి. 1950లో ఆయన కన్నుమూశారు.

తర్వాత ఆ పని రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ చేతికి వచ్చింది. అనంతపురం జిల్లా మనిషి. మైసూరు మహారాజా కాలేజీలో దశాబ్దాల పాటు తెలుగు చెప్పారు. వేమన మీద ఆయన ఇచ్చిన ఉపన్యాసాలను ఇప్పటికీ సాహిత్యం వాళ్లు తలుచుకుంటారు. దీనికి తోడు ఆయన సంగీత విద్వాంసుడు కూడా. 1974లో మద్రాస్ మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. అన్నమయ్య పాటకు సరిగ్గా ఇలాంటి మనిషే కావాల్సి వచ్చింది. సంగీతం ఒక్కటే వచ్చినవాడికి పాత తెలుగు కొరుకుడు పడదు. తెలుగు ఒక్కటే వచ్చినవాడు పాట కట్టలేడు. రాళ్లపల్లి పాఠం సరిచేశారు, మాట ఎక్కడ విరగాలో చూసుకున్నారు, ఆ తర్వాతే స్వరం పెట్టారు. అలా వందకు పైగా కీర్తనలకు స్వరాలు రాశారు. అన్నమయ్య పాటకు ఆధునిక కచేరీలో చోటు దొరకడం ఇక్కడి నుంచే మొదలు.

ఇదే కాలంలో రేడియో కూడా తోడైంది. విజయవాడ కేంద్రం భక్తిరంజని వింటూ పెరిగినవాళ్లకు ఆ సంగతి చెప్పక్కర్లేదు. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ.. వీళ్లు కట్టిన బాణీలు పొద్దున్నే ఇంటింటికీ చేరాయి.

తర్వాతి పెద్ద అడుగు 1978లో. టీటీడీ అన్నమాచార్య ప్రాజెక్టు మొదలైంది. ఆ తర్వాత రెండేళ్లకు అటూఇటూగా ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన 'బాలాజీ పంచరత్నమాల' రికార్డులు వచ్చాయి. మదురైలో పుట్టిన ఆమె గొంతులోనే చాలా తెలుగు ఇళ్లు అన్నమయ్యను మొదటిసారి విన్నాయి. అందులో రేవతి రాగంలో వినిపించే 'నానాటి బ్రతుకు' గుర్తుందా? రేకు పాఠం 'బదుకు' అని ఉంటుంది, పాడేటప్పుడు 'బ్రతుకు' అయింది. ఆ బాణీ నేదునూరి కృష్ణమూర్తిది. కళ్లు మూసుకుని వింటే అది ఎప్పటిదో పాతకాలపు పాటలా అనిపిస్తుంది. నేదునూరి పోయింది 2014లో. నిన్నమొన్నటి మనిషి. శుద్ధధన్యాసిలో 'భావములోన', తిలంగ్‌లో 'ఏమొకో', ఖరహరప్రియలో 'ఒకపరి కొకపరి' కూడా ఆయన కట్టినవే. కర్నూలులో వైద్యుడిగా ఉంటూ సంగీతానికి పెద్ద దిక్కైన శ్రీపాద పినాకపాణికి నేదునూరి శిష్యుడు. ఆ గురుకులం పద్ధతి ఈ బాణీల్లో కనిపిస్తుంది. రాగం నిండుగా ఉంటుంది, మాట మాత్రం నలగదు.

నేదునూరి దగ్గర నేర్చుకున్న గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ టీటీడీ ఆస్థాన గాయకుడిగా ఏళ్ల తరబడి పనిచేశారు. ఆరు వందలకు పైగా సంకీర్తనలకు స్వరాలు కట్టారు. 'వినరో భాగ్యము విష్ణుకథ' ఆయనదే. పల్లెటూరి గుడి మైకులో కూడా వినిపించే పాట. కచేరీలో పాడే పద్ధతిలోనూ, లలిత సంగీతంలోనూ, జానపదంలా జనం గొంతు కలిపేలానూ చేశారు. 2025 మార్చి 9న తిరుపతిలో ఆయన కన్నుమూశారు. ఆ రోజు సోషల్ మీడియాలో నివాళులు వెల్లువెత్తాయి. అప్పటిదాకా తాము రోజూ వినే పాట ఆయన బాణీ అని తెలియనివాళ్లు కూడా వాటిలో ఉండే ఉంటారు.

1997లో కె. రాఘవేంద్రరావు 'అన్నమయ్య' సినిమా వచ్చింది. కీరవాణికి జాతీయ అవార్డు తెచ్చిన సంగీతం. ఆ సినిమాతో కొత్త తరానికి అన్నమయ్య దగ్గరయ్యాడన్నది నిజం. కాకపోతే ఓ గందరగోళం కూడా మొదలైంది. సినిమాలో ఉన్నవన్నీ అన్నమయ్య పాటలే అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 'తెలుగు పదానికి జన్మదినం' రాసింది వేటూరి సుందరరామమూర్తి. అన్నమయ్య కీర్తనల పోటీలో ఈ పాట పాడితే జడ్జీలు ఏమనాలి పాపం!

ఇక కాపీరైట్ సంగతి

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులో మాటలు వేరు, సంగీతం వేరు. సంగీత రచన అంటే స్వరం మాత్రమే, దాని మీద పాడే మాటలు అందులోకి రావు. స్వరకర్త పోయాక ఆ మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. రాళ్లపల్లి 1979లో పోయారు కాబట్టి ఆయన బాణీల లెక్క 2039 చివరి వరకు. నేదునూరి బాణీలకు 2074 వరకు. ఉద్యోగంలో భాగంగా చేసిన పనైతే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు సంస్థకు చెందుతుంది. ఇక రికార్డింగ్‌కు వేరే హక్కు. అది విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. అంటే మీ పూజ వీడియో వెనక వినిపించే ఒక్క పాటలో మూడు పొరలు ఉన్నాయి. మాటలు అందరివి, బాణీ ఒకరిది, రికార్డింగ్ ఇంకొకరిది. రాగానికి మాత్రం కాపీరైట్ ఉండదు. ముఖారి ఎవరి సొత్తూ కాదు.

గుళ్లో, పూజలో, భజనలో పాడుకుంటే చట్టం అడ్డు చెప్పదు. మతపరమైన కార్యక్రమాలకు మినహాయింపు ఉంది. కానీ అదే పాటను వీడియోగా ఛానల్‌లో పెట్టడం వేరే విషయం. యూట్యూబ్‌లో చాలాసార్లు వచ్చేది క్లెయిమ్ మాత్రమే. వీడియో ఉంటుంది, యాడ్ డబ్బులు అవతలివాళ్లకు వెళ్తాయి. స్ట్రైక్ అయితే వీడియో పోతుంది. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానలే పోయే ప్రమాదం. రికార్డింగ్ వాడకుండా సొంతంగా పాడితే మూడు పొరల్లో ఒకటి తగ్గుతుంది. సొంతంగా బాణీ కట్టుకుని పాడితే చిక్కే లేదు.

డబ్బుతో సంబంధం లేని ఇంకో హక్కు కూడా చట్టంలో ఉంది. సెక్షన్ 57. తన రచనకు తన పేరు చెప్పించుకునే హక్కు రచయితది, దాన్ని అమ్మేసినా సరే. పాటకు పేరు ఇవ్వాలన్న ఈ విషయంలో మనవాళ్లు బాగా వెనకబడి ఉన్నారు. మ్యూజిక్ యాప్‌లలో సంగీతం అని ఉన్నచోట కొన్నిసార్లు అన్నమాచార్య అని, కొన్నిసార్లు సంప్రదాయం అని వేసేస్తారు. సంప్రదాయం అంటే ఎవరు? రాళ్లపల్లి నెలల తరబడి కూర్చుని చేసిన పనికి ఆ ఒక్క మాట సరిపోతుందా? పెళ్లి భోజనంలో వంటవాడి పేరు ఎవరూ అడగరు, అది వేరు. ఇక్కడ పేరు రాయడానికి ఒక లైన్ చాలు, ఖర్చు లేదు.

పేరు తెలిస్తే వినడం కూడా మారుతుంది. 'విన్నపాలు వినవలె' సినిమా పాటగా ఒకసారి వినండి, తర్వాత కచేరీలో ఎవరైనా పాడింది వినండి. మాటలు ఒకటే. కానీ స్వామిని నిద్ర లేపుతున్న మనిషి ఒక్కోదాంట్లో ఒక్కోలా కనిపిస్తాడు. ఏ మాట మీద పాట ఆగుతోంది, ఏ మాటను రెండోసారి అంటోంది అన్నది గమనిస్తే చాలు, స్వరజ్ఞానం లేకపోయినా తేడా దొరుకుతుంది. బాణీ కట్టినవాళ్లు ఆ మాటను ఎలా అర్థం చేసుకున్నారో అక్కడే తెలుస్తుంది.

పోటీలకు పిల్లలను తయారు చేసే తల్లిదండ్రులకు కూడా ఇందులో పని ఉంది. వేదిక ఏదైనా తిరిగి తిరిగి అవే ఇరవై, ముప్ఫై పాటలు వినిపిస్తాయి. దొరికిన వేల సంకీర్తనల్లో ఎక్కువ భాగం శృంగార సంకీర్తనలు. అలమేలుమంగ అలక, చెలికత్తెల మాటలు, అప్పటి ఇళ్లలో మాట్లాడుకున్న తెలుగు అంతా వాటిలోనే ఉంది. వాటిలో చాలావాటికి ఇంతవరకు ఎవరూ బాణీ కట్టలేదు. టీటీడీ అచ్చువేసిన తాళ్లపాక సాహిత్యం 29 సంపుటాలూ ఆ సంస్థ ఈ-బుక్స్ సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. ఫోన్‌లోనే తెరుచుకుంటాయి. ప్రతి పాటకూ రాగం పేరు, అది ఏ రేకు మీదిదో ఆ నంబరు ఉంటాయి.